మొగ్గ వెనక నీలం దారం

పాత మిషను అమ్మేస్తున్నారన్న మాట బుధవారం పొద్దున చెవిన పడేసరికి హుక్కులక్క చేతిలోని సూది గౌనులో కాక వేలిలో దిగింది. ఉన్నమాట చెప్పాలంటే ఆవిడకి నొప్పి కూడా తెలియలేదు. వేలు నోట్లో పెట్టుకుని, వెనకగది గుమ్మంలోంచి అద్దాల గదివైపు చూసింది. ఆ అమ్మబోయే కంప్యూటర్ మిషను అక్కడే ఉంది, ఎప్పటిలాగే తెల్లగా, నున్నగా, తన గురించి ఎవరేమనుకున్నా పట్టనట్టు.

దుకాణంలో అందరూ ఆవిణ్ణి హుక్కులక్క అనే పిలుస్తారు. గౌన్ల వీపుకి హుక్కులు, చొక్కాలకి గుండీలు, అంచులకి చేతికుట్టు ఆవిడ పని. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా పలకదు. ఒకప్పుడు ఆవిడ చేతి ఎంబ్రాయిడరీ కోసం జనం వారాల తరబడి ఆగేవారు. ఈ మిషను వచ్చాక ఆగే పని లేకపోయింది. ఆవిడ నాలుగు రోజులు కూర్చుని కుట్టే తీగని అది నలభై నిమిషాల్లో కుట్టి పక్కన పడేస్తుంది. అందుకు మిషను మీద కోపం తెచ్చుకోవడం అన్యాయమని ఆవిడా ఒప్పుకుంటుంది. ఆవిడ బాధ వేరు. ఆ మిషను కుట్టేది ఆవిడ తీగనే.

ఆరేళ్ళ కిందట దుకాణం యజమానురాలు మేడమ్ మీగడరంగు పట్టుగుడ్డ చేతికిచ్చి నమూనాకి ఒక తీగ కుట్టి తెమ్మంది. హుక్కులక్క ఇంట్లో కూర్చుని కుట్టి తెచ్చింది. మేడమ్ దాన్ని ఎక్కడికో పంపించి కంప్యూటర్లోకి ఎక్కించింది. అసలు గుడ్డకి పటం కట్టించి బల్ల వెనక గోడకి తగిలించింది. నమూనా కూలి అప్పుడే ముట్టింది కాబట్టి అడగడానికేమీ మిగల్లేదు. అప్పట్నించీ మిషను తీగ కుట్టడం, ఆ గౌను వెనకగదికి రావడం, తన తీగకి తనే హుక్కులు కుట్టి పంపడం. ఇదీ వరస.

అయినా సిగ్గులేని మనసు ఆ మిషను మీదే పడింది. టీ గ్లాసు పట్టుకుని అద్దం ఇవతల నిలబడేది. లోపల సూది తీగ మొదలుపెట్టగానే, ఇదిగో ఇక్కడ మెలిక, ఇక్కడ జంట ఆకులు, ఇక్కడ కాస్త ఆగి రంగు మార్చాలి అని ముందే తెలిసిపోయేది. గ్లాసు పట్టుకోని చేతి వేళ్ళు వాటంతటవే కదిలేవి. మిషను నడిపే అమ్మాయి తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదని మేడమ్ కట్టడి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ పచ్చబొత్తాం తన వేలితో నొక్కి తన తీగ నడుస్తుంటే చూడాలని ఆరేళ్ళుగా హుక్కులక్క కోరిక. పెద్ద కోరికేం కాదు. కాకపోతే దాన్ని ఎవరికైనా చెప్పుకోవడానికి కూడా నామోషీగా ఉండేది.

మధ్యాహ్నం మేడమ్ బల్ల దగ్గర ఒక్కతే ఉన్నప్పుడు, చేతులు కోటుకి తుడుచుకుంటూ వెళ్ళి నిలబడింది. ఎలా అడగాలో మూడు రకాలుగా కూర్చుకుని వెళ్ళింది గానీ, తీరా నోరు తెరిచేసరికి ఆ పాత మిషను నాకివ్వండి అన్న ముక్క ఒక్కటే వచ్చింది. మేడమ్ కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, నీకా అంది. నాకే అంది హుక్కులక్క. నడపడం వచ్చా అని అడిగితే, ఆరేళ్ళుగా అద్దంలోంచి చూస్తున్నానని చెప్పింది. మేడమ్ నవ్వింది. అది ఎగతాళి నవ్వు కాదు. ఆవిడా కాలిమిషను తొక్కి తొక్కి పైకొచ్చిన మనిషే, మోకాళ్ళ నొప్పులు ఇంకా వదల్లేదు.

బేరం సంగతి చెప్పుకోవడం దండగ. అడిగిన ధర న్యాయంగానే ఉంది, ఇచ్చుకోగలిగేలానూ ఉంది. ఆరు సూదుల కొత్త మిషను సోమవారం దిగుతుంది కాబట్టి, మెకానిక్ వచ్చి శుభ్రం చేసి అప్పగించాక శనివారం సాయంత్రం పట్టుకెళ్ళమంది మేడమ్.

ఆ తొందరలో ఇంటికి బయల్దేరుతూ హుక్కులక్క వెనకతలుపు గడియకి కోటు తగిలించుకుంది. జేబు పైన గుడ్డ పర్రున చిరిగింది. గోధుమరంగు కోటు, ఒక్కటే ఉంది. మామూలు రోజైతే అక్కడే కూర్చుని రఫ్ఫు చేసుకునేది. ఆ రోజు చిరుగు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వుకుంటూ బస్సెక్కింది.

ఇంట్లో వార్త చెప్పగానే ఆయన పళ్ళెం పక్కకి జరిపి బోలెడు ప్రశ్నలు వేశాడు. ఆయన బస్సు డ్రైవరు. ఆ మిషనుకి లైసెన్సు కావాలా, కండక్టరెవరు, రోజుకి ఎన్ని ట్రిప్పులు, మధ్యలో ఆపమంటే ఆగుతుందా అని అడిగి అడిగి తనే నవ్వుకున్నాడు. ఆ తర్వాత లేచి టేపు పట్టుకుని కిటికీ కింద జాగా కొలిచాడు. అక్కడ అత్తగారి ట్రంకుపెట్టె ఉంది. ఆవిడకి చెవులు సగం మందగించాయి, నోరు మాత్రం నిండుగా పనిచేస్తుంది. పెట్టె జరపడానికి ఒప్పుకుంది గానీ సందేహం ఒకటి బయటపెట్టింది.

"దానంతట అదే కుట్టేస్తే, ఇంక నువ్వెందుకే?"

ఆయన నవ్వాడు. హుక్కులక్క కూడా నవ్వింది కానీ, గిన్నెలు కడుగుతున్నంతసేపూ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

గురువారం దుకాణానికి ఒక పెళ్ళికూతురి తల్లి వచ్చింది. కూతురికి గౌను కుట్టించాలి, దాని మీద ఆ తీగే కావాలి, అదీ ఒంటిమొగ్గ ఉన్న తీగ. మొగ్గ లేకపోతే వద్దని ఖచ్చితంగా చెప్పింది. హుక్కులక్క పక్కనే నేల మీద కూర్చుని బొమ్మకి తొడిగిన గౌను అంచు సరిచేస్తోంది.

ఆ మొగ్గే ఆ దుకాణానికి గుర్తు. తీగంతా రెండేసి ఆకులు, రెండేసి పూలు, అద్దంలో చూసినట్టు జంటలుగా నడుస్తుంది. మూడో మెలిక దాటాక ఎడమపక్క ఒక్క మొగ్గ మాత్రం జంట లేకుండా, ఎవరూ పిలవని చుట్టంలా వచ్చి కూర్చుంటుంది. అన్నీ జంటలుంటే కంటికి విసుగని, అందుకే ఆలోచించి ఆలోచించి ఆ మొగ్గ తనే పెట్టించానని మేడమ్ పెళ్ళికూతురి తల్లికి చెప్పింది. పోయిన నెల ఇంకొకావిడకి, అది కలలో కనిపించిందని చెప్పింది. అంతకుముందు ఇంకేదో చెప్పింది. హుక్కులక్క పళ్ళతో దారం కొరికి, తల వంచుకునే ఉంది.

ఎందుకంటే ఆ మొగ్గ ఎలా పుట్టిందో ఈ లోకంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. నమూనా కుడుతున్న నాలుగో రోజు, పనంతా అయిపోయిందన్న సంబరంలో, వెనక మిగిలిన దారపు కొసలు కత్తిరిస్తుంటే కత్తెర మొన పట్టుగుడ్డలోకి దిగింది. చిటికెన గోరంత చిల్లు. గుడ్డ మేడమ్‌ది. దాని ఖరీదు తను ఇచ్చుకోగలిగేది కాదు. ఇంట్లో మీగడరంగు దారం అయిపోయింది. చేతికి దొరికింది ఆయన యూనిఫారం గుండీలకి వాడే నీలం దారం. దాంతోనే వెనకనుంచి చిల్లుని అల్లి మూసింది. ముందువైపు కనపడకుండా దాని మీద ఒక మొగ్గ కుట్టేసింది. అలాగే తీసుకెళ్ళి ఇస్తే, మేడమ్ ముందువైపు చూసి, బాగుందంది. వెనక్కి తిప్పి చూడలేదు. మర్నాడే పటం కట్టించేసింది.

ఆ తర్వాత మిషను చిల్లు లేని గుడ్డల మీద కూడా ఆ మొగ్గ కుడుతూనే ఉంది. వందల గౌన్లు. ఒక్కొక్కటీ చేతికొచ్చినప్పుడల్లా హుక్కులక్కకి మొదట్లో ఒళ్ళంతా వేడెక్కేది. పోనుపోను భయం పోయి, దాని చోట ఏదో బెంగ మిగిలింది. తన తప్పుని జనం ముచ్చటపడి ఒంటిమీద వేసుకుంటున్నారు, తనదని మాత్రం చెప్పుకోవడానికి లేదు.

శుక్రవారం మెకానిక్ వచ్చాడు. పెద్దాయన, అందరికీ బాబాయే. మిషను మూత విప్పి, ఆరేళ్ళ దూది బ్రష్షుతో తీసి, చుక్క చుక్క నూనె వేశాడు. మేడమ్ బయటికెళ్ళిందని చూసి హుక్కులక్కని లోపలికి పిలిచాడు. ఎలాగూ రేపట్నించి నీదేగా, కూర్చోమన్నాడు. ఆవిడ కుర్చీ అంచు మీద కూర్చుంది. అడుగుదారం బాబిన్ పెట్టడం, పైదారం ఎక్కించడం, గుడ్డని రింగులో బిగించడం, అడుగున గట్టికాగితం వేయడం అన్నీ ఆవిడకి చూసి చూసి వచ్చేసే ఉన్నాయి. మామూలు కుట్టు ఒక వరస కుట్టి చూసింది. మిషను పాదం కింద గుడ్డ నీళ్ళ మీద కాగితంలా జారింది. రింగు తగిలించి తెర మీద తీగ బొమ్మ కోసం వెతుకుతుంటే, బాబాయి గొంతు సవరించుకుని అసలు సంగతి చెప్పాడు.

మిషను అప్పగించేముందు లోపలి డిజైన్లన్నీ తుడిచెయ్యమని మేడమ్ చెప్పింది. కంపెనీ ఇచ్చిన అక్షరాలు, బాతుపిల్లలు, పడవలు లాంటివి మాత్రం ఉంటాయి. దుకాణం డిజైన్లు దుకాణానివి.

హుక్కులక్క చెయ్యి తెర మీదే ఆగిపోయింది. ఏడుపొచ్చేంత పనైంది. మిషను కొంటున్నప్పుడు తీగ కూడా వస్తుందనే అనుకుంది తప్ప, రెండూ వేరని ఒక్కసారీ తోచలేదు. ఈ వయసులో కంప్యూటర్ నేర్చుకుని మళ్ళీ మొదట్నుంచీ గీయించాలంటే అదెప్పటికయ్యేను? బాతుపిల్లలు కుట్టుకోవడానికా ఆరేళ్ళు ఎదురుచూసింది?

బాబాయి ఆవిడ మొహం చూసి అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి, తుడిచేటప్పుడు ఒకటి మర్చిపోయినా అడిగేవాళ్ళుండరని అన్నాడు. సరే అందామనే అనిపించింది. హుక్కులక్క రింగు విప్పి పక్కన పెట్టింది.

"వద్దు బాబాయ్. నాదాన్ని నేను దొంగిలించుకోవడమేంటి?"

అని లేచి వెళ్ళి హుక్కుల డబ్బా ముందు కూర్చుంది. ఆ సాయంత్రం దాకా రెండు గౌన్లకి హుక్కులు తారుమారు కుట్టి, మళ్ళీ విప్పింది.

శనివారం సాయంత్రం మిషనుకి అట్టపెట్టె సిద్ధంగా ఉంది. ఆయన డ్యూటీ దిగి, యూనిఫారంలోనే వచ్చి, వీధిలో ఆటో పక్కన నిలబడ్డాడు. లోపల బాబాయి తెర ముందు కూర్చున్నాడు. మేడమ్ వెనక నిలబడి ఒక్కొక్క డిజైనూ చూసి ఊఁ అంటోంది, బాబాయి తుడిచేస్తున్నాడు. గులాబీలు పోయాయి. నెమళ్ళు పోయాయి. తీగ వచ్చింది.

హుక్కులక్క గుమ్మంలో నిలబడి ఉంది. అదొక్కటి ఉంచమని అడిగింది.

మేడమ్ ఆశ్చర్యంగా తిరిగింది. ఇంకేదైనా అడగమంది, గులాబీలు మళ్ళీ ఎక్కించి ఇస్తానంది, అది మాత్రం కుదరదంది. చిరాకు పడలేదు, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టే చెప్పింది. కుట్టింది నువ్వే, కాదనను, కూలి ఇచ్చాను. కానీ దుకాణం నడిచేది ఆ మొగ్గ మీద, ఆ మొగ్గ ఆలోచన నాది అంది. అంత నమ్మకంగా అంది. అన్నిసార్లు అందరికీ చెప్పి చెప్పి, పాపం, ఆవిడకి అదే నిజమైపోయింది.

"మేడమ్, ఒక్కసారి ఆ పటం దించి వెనక చూడండి."

మేడమ్ కదల్లేదు. బాబాయే లేచి, స్టూలెక్కి పటం దించాడు. బల్ల మీద బోర్లా పెట్టి, స్క్రూడ్రైవరుతో చిన్న మేకులు వంచి, అట్ట పైకి తీశాడు. ఆరేళ్ళ దుమ్ము రాలింది. మీగడరంగు పట్టు వెనకవైపు దారాలన్నీ పొందికగా ఉన్నాయి. మూడో మెలిక దాటాక, ఒకే ఒక్కచోట, చిటికెన గోరంత నీలం.

కొనేవాళ్ళకి వెనకవైపుతో పని లేదు. సూది పట్టినవాళ్ళకి అక్కడ అంతా కనిపిస్తుంది. మేడమ్ కళ్ళజోడు తీసేసింది. బొటనవేలితో ఆ నీలాన్ని ఇటొకసారి అటొకసారి తడిమింది. అక్కడ గుడ్డ ఉబ్బుగా ఉంది, కింద అల్లిక ఉంది.

"కత్తెరా?"

"కత్తెరే, మేడమ్."

"అప్పుడే చెప్పుంటే?"

"గుడ్డ ఖరీదు నా జీతంలో కోసేవారు."

మేడమ్ ఒక క్షణం ఆలోచించింది.

"కోసేదాన్నే," అంది.

వీధిలో ఆయన హారన్ కొట్టించాడు. ఎవరూ అటు చూడలేదు. బాబాయి వేలు తెర దగ్గర గాలిలో ఆగి ఉంది. మేడమ్ అట్ట మళ్ళీ మూసి, మేకులు తనే వేళ్ళతో వంచి సరిచేసింది, కాలిమిషను రోజుల్లో పనిచేసిన చేతులు కదా, గట్టివే. పటాన్ని బాబాయికి అందిస్తూ, ఆ తీగ ఉంచెయ్యమని పొడిగా చెప్పింది. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. రేపట్నించి మొగ్గ కథ మారుస్తానని కూడా అనలేదు. పటం ముందువైపు ఇటు తిరిగి మళ్ళీ గోడకెక్కింది. ఒక్క మాట మాత్రం అంది, ఆ మాటలో కొంచెం బతిమాలుడు కూడా ఉంది.

"నువ్వు కుట్టుకునేవాటికి మొగ్గ ఇంకోచోట పెట్టుకోరాదూ?"

"చిల్లు ఎక్కడుంటే అక్కడ పెట్టుకుంటాను మేడమ్," అంది హుక్కులక్క. పొగరుగా అనలేదు. నిజంగానే అంది.

ఆదివారం పొద్దున్నే ఎండ కిటికీలోంచి మిషను మీద పడింది. ట్రంకుపెట్టె వంటగదిలోకి పోయింది. ఆయన కాఫీ గ్లాసుతో గోడకి చేరగిలబడి, బండి ఎప్పుడు కదులుతుందని అప్పటికి రెండుసార్లు అడిగాడు. మొదటి తీగ దేని మీద కుట్టాలా అని హుక్కులక్క దాచుకున్న గుడ్డలన్నీ మంచం మీద పరిచింది. తెల్లది తీసింది, మడతపెట్టేసింది. పసుపుది తీసింది, అదీ మడతపెట్టేసింది. చివరికి వెళ్ళి కొక్కేనికి వేలాడుతున్న గోధుమరంగు కోటు తెచ్చింది. చిరుగు అలాగే ఉంది.

అంత మిషను కొని పాతకోటు మీద కుడతావా అని ఆయన అనబోయి, ఆవిడ పని చూస్తూ ఊరుకున్నాడు.

కోటు అస్తరు కుట్టు విప్పి గుడ్డ విడదీసింది. చిరుగు అంచులు దగ్గరికి లాగి, అడుగున గట్టికాగితం వేసి, రింగులో బిగించి మిషనుకి తగిలించింది. తర్వాత తెర మీద బాణం నొక్కుతూ తీగని కుట్టకుండానే ముందుకి నడిపించింది. రింగు ఒక్కొక్క అడుగే కదిలింది. మెలిక, జంట ఆకులు, మెలిక, జంట పూలు. మూడో మెలిక దాటాక సూది గాలిలో ఆగింది. వంగి చూసింది. సూది మొన చిరుగుకి వేలెడంత ఎడంగా ఉంది. రింగు విప్పి, గుడ్డ జరిపి, మళ్ళీ బిగించింది. ఈసారి బియ్యపుగింజంత దూరం. మళ్ళీ విప్పింది. నాలుగోసారికి సూది సరిగ్గా చిరుగు మధ్యలో నిలబడింది. అప్పుడు తీగని మొదటికి తెచ్చింది.

ఇంకా ఒక పని మిగిలింది. బాబిన్ తీసి అందులోని తెల్లదారం అంతా విప్పేసింది. ఆయన యూనిఫారం గుండీల డబ్బాలోంచి నీలం ఉండ తెచ్చి బాబిన్‌కి చుట్టింది.

పచ్చబొత్తాం మీద వేలు పెట్టాక కాసేపు అలాగే ఉండిపోయింది. ఆరేళ్ళ కోరిక తీరబోతుంటే ఇంకొంచెంసేపు ఉంచుకోవాలనిపించింది. తర్వాత నొక్కింది.

తీగ నడిచింది. అద్దం అడ్డం లేకుండా వింటే ఆ చప్పుడు ఎంత దగ్గరగా ఉందో. వేళ్ళు ఇవాళ కదల్లేదు, ఒళ్ళో బుద్ధిగా కూర్చున్నాయి. రంగు మార్చాల్సినచోట మార్చింది, ఆగినచోట దారం కత్తిరించింది, కత్తెర మొన గుడ్డకి తగలకుండా చాలా జాగ్రత్తగా. మొదటి మెలిక, రెండో మెలిక. మూడోది దాటి సూది ఎడమకి తిరిగేసరికి ముందుకి వంగింది. సూది చిరుగుకి ఇటువైపు దిగింది, అటువైపు దిగింది. ఒకటి వెనక ఒకటి దారాలు పడి, చిరుగు పెదవులు కలిశాయి. మొగ్గ కూర్చుంది. ఎన్ని వందలసార్లు ఊరికే కూర్చున్నదో, ఈసారి మళ్ళీ పనికొచ్చింది. హుక్కులక్క కళ్ళు తుడుచుకుని, ఎండ కళ్ళల్లో పడుతోందని ఆయనతో అంది. ఆయన లేచి కిటికీ తెర వేశాడు.

తీగ పూర్తయ్యాక రింగు విప్పి, కాగితం చింపి, కోటు దులిపింది. అత్తగారు చెయ్యి చాచింది, ఇలా ఇమ్మని. తీసుకుని ముందువైపు చూడనే లేదు. వెనక్కి తిప్పి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, నీలం దారాల మీద వేళ్ళు నడిపింది. ఒకచోట ఆగి, అక్కడే రెండుసార్లు తడిమింది.

"ఎవరు కుట్టారే ఇది?"

మిషనేగా అమ్మా అనడానికి ఆయన నోరు తెరిచాడు. భార్య మొహం చూసి మూసేశాడు.

హుక్కులక్క అత్తగారి చెవి దగ్గరికి వంగింది, ఆవిడకి సరిగ్గా వినపడాలని.

"నేనే అత్తయ్యా," అంది.

అత్తగారు తల ఊపి, కోటు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. చలికాలం వస్తోందనీ, తన శాలువాకి కూడా ఒక చిల్లు పడిందనీ చెప్పింది.